‘బిఫోర్’ ఒక్కటే, పనులు మూడు: ఇంగ్లిష్‌లో చిన్నమాటలు ఎలా కలుస్తాయి

‘బిఫోర్’ ప్రిపోజిషనా, కంజంక్షనా, అడ్వర్బా? బెజవాడ ఏలూరు రోడ్డులోనో గుంటూరు అరండల్‌పేటలోనో ఏదైనా స్పోకెన్ ఇంగ్లిష్ తరగతిలో అడిగితే మూడు జవాబులూ రావచ్చు. మూడూ సరైనవే. ‘బిఫోర్ ద ఎగ్జామ్’ అన్నప్పుడు అది ప్రిపోజిషన్. ‘బిఫోర్ ద ఎగ్జామ్ బిగిన్స్’ అన్నప్పుడు కంజంక్షన్. ‘ఐ హావ్ సీన్ దిస్ క్వశ్చన్ బిఫోర్’ అన్నప్పుడు అడ్వర్బ్. మాట మారలేదు, దాని తర్వాత వచ్చింది మారింది. మొదటిచోట ఒక నౌన్ వచ్చింది. రెండోచోట కర్తా క్రియా ఉన్న క్లాజ్ వచ్చింది. మూడోచోట ఏమీ రాలేదు.

స్కూల్లో ఈ మూడింటినీ మూడు పాఠాలుగా, మూడు జాబితాలుగా బట్టీ పట్టిస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. డెన్మార్క్ వ్యాకరణవేత్త ఒట్టో యెస్పర్సన్ 1924లోనే ఈ విభజనను ప్రశ్నించాడు. ఒక క్రియ కర్మతో వచ్చినా, కర్మ లేకుండా వచ్చినా దాన్ని క్రియ అనే అంటాం కదా, మరి ‘బిఫోర్’ వంటి మాట తర్వాత ఏం వచ్చిందన్నదాన్నిబట్టి దాని జాతినే మార్చడం ఎందుకన్నది ఆయన వాదన. 2002లో వచ్చిన కేంబ్రిడ్జి బృహద్వ్యాకరణం కూడా దాదాపు ఇదే దారి పట్టింది. బడి పుస్తకాల్లో పాత పేర్లే ఉన్నాయి గనక ఇక్కడా వాటినే వాడుకుందాం. పేరు ఏదైనా చూడాల్సింది మాత్రం ఒక్కటే: ఆ చిన్నమాట తర్వాత ఏముంది?

తెలుగులోనూ ‘ముందు’, ‘తర్వాత’ ఇలాంటివే. ‘పరీక్షకు ముందు’, ‘పరీక్ష మొదలవకముందు’, ‘ముందు చదువు, తర్వాత రాయి’. కానీ తెలుగులో అతికే పని ఎక్కువగా క్రియ చేస్తుంది. మొదలవక, వచ్చిన, తింటూ, పడినా, వస్తే అంటూ తన రూపం మార్చుకుని పక్క వాక్యానికి అతుక్కుంటుంది. ఇంగ్లిష్ క్లాజులో క్రియ తన కాలంతో, తన కర్తతో నిండుగా నిలబడే ఉంటుంది. అతికే భారమంతా చిన్నమాట మీదే పడుతుంది. అందుకే తెలుగువాళ్ళ ఇంగ్లిష్‌లో ఆ చిన్నమాట ఒక్కోసారి జారిపోతుంది, ఒక్కోసారి రెండు పడతాయి, ఒక్కోసారి నౌన్‌కు పెట్టాల్సింది క్లాజుకు పడుతుంది.

నౌన్‌కు ఒకటి, క్లాజుకు ఒకటి

‘బిఫోర్’, ‘ఆఫ్టర్’, ‘సిన్స్’, ‘అంటిల్’ మంచివి. నౌన్ వచ్చినా క్లాజ్ వచ్చినా అవే సరిపోతాయి. మిగతా చాలా అర్థాలకు ఇంగ్లిష్‌లో వేర్వేరు మాటలున్నాయి. వాన పడినా మ్యాచ్ ఆగలేదన్న సంగతి చెప్పాలనుకుందాం. ‘డిస్పైట్ ద రెయిన్, ద మ్యాచ్ వెంట్ ఆన్’: ఇది ప్రిపోజిషన్‌తో. ‘ఆల్దో ఇట్ రెయిన్డ్, ద మ్యాచ్ వెంట్ ఆన్’: ఇది కంజంక్షన్‌తో. ‘ఇట్ రెయిన్డ్. హౌఎవర్, ద మ్యాచ్ వెంట్ ఆన్’: ఇది అడ్వర్బ్‌తో, అదీ రెండు విడి వాక్యాలుగా. ‘బికాజ్ ఆఫ్’, ‘బికాజ్’, ‘దేర్‌ఫోర్’ ఇలాగే ఒక కుటుంబం. ‘డ్యూరింగ్’, ‘వైల్’, ‘మీన్‌వైల్’ ఇంకొకటి.

ఆఫీసు కాగితాల్లో తరచు కనబడే ‘డ్యూ టు హీ వాజ్ సిక్’ తప్పు ఈ లెక్కలోదే. ‘డ్యూ టు’ నౌన్‌ను మాత్రమే మోయగలదు. ఇక్కడ దాని తర్వాత ‘హీ వాజ్’ అంటూ నిండు క్లాజ్ వచ్చింది. దిద్దడానికి దారులు రెండు: ‘డ్యూ టు సిక్‌నెస్’ అని నౌన్ చేయాలి, లేదా ‘బికాజ్ హీ వాజ్ సిక్’ అని కంజంక్షన్ పెట్టాలి. ‘డ్యూ టు ద ఫ్యాక్ట్ దట్’ అనే మూడో దారి వ్యాకరణం ప్రకారం తప్పు కాదు. కాకపోతే ‘బికాజ్’ ఒక్కటే చేసే పనికి ఐదు మాటలు ఖర్చు. ‘డ్యూరింగ్ ఐ వాజ్ స్టడీయింగ్’ కూడా ఇదే కోవ. ‘వైల్ ఐ వాజ్ స్టడీయింగ్’ అనాలి, లేదా ‘డ్యూరింగ్ మై స్టడీస్’. ‘డిస్పైట్ ఆఫ్’ మాత్రం వేరే రకం తప్పు. ‘ఇన్ స్పైట్ ఆఫ్’ లోని తోక ఊడొచ్చి ‘డిస్పైట్’కు అంటుకుంది, అంతే.

‘బై’ కూడా క్లాజును మోయలేదు. ‘బై హీ కమ్స్’ కుదరదు, ‘బై ద టైమ్ హీ కమ్స్’ కావాలి. ‘ఫ్రమ్ హీ జాయిన్డ్’ కూడా అంతే, ‘సిన్స్ హీ జాయిన్డ్’ కావాలి.

రెండు క్లాజులకు ఒక్క ముడి

సెలవు చీటీ తీసుకోండి. ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, సో ఐ రిక్వెస్ట్ యూ టు గ్రాంట్ మీ లీవ్’. తరాలుగా ఈ వాక్యం చేతులు మారుతూనే ఉంది. ఇందులో ఉన్న క్లాజులు రెండు, కాబట్టి ముడి ఒక్కటే చాలు. ‘యాజ్’ ఉంటే ‘సో’ తీసేయాలి, ‘సో’ ఉంటే ‘యాజ్’ తీసేయాలి. ‘ఆల్దో హీ ఈజ్ పూర్, బట్ హీ ఈజ్ ఆనెస్ట్’ కూడా ఇదే. ‘పేదవాడైనా కానీ నిజాయతీపరుడు’ అనడం మనకు అలవాటు. అందులోని ‘అయినా’కు ‘ఆల్దో’, ‘కానీ’కి ‘బట్’ పెట్టుకుంటూ పోతే ఆ వాక్యమే తయారవుతుంది.

అయితే ‘ఆల్దో హీ ఈజ్ పూర్, హీ ఈజ్ స్టిల్ హ్యాపీ’ నిక్షేపంగా ఉంటుంది. ‘స్టిల్’ అడ్వర్బ్ గనక. అది ముడి వేయదు, ఉన్న ముడికి బలం ఇస్తుంది. అందుకే కంజంక్షన్ పక్కన అడ్వర్బ్ ఎంచక్కా కూర్చుంటుంది: ‘అండ్ దెన్’, ‘బట్ స్టిల్’, ‘అండ్ దేర్‌ఫోర్’, ‘ఆర్ ఎల్స్’, ‘సో ఇన్‌స్టెడ్’. అదే రెండు క్లాజులకు రెండు కంజంక్షన్లు పెడితే ఒరలో రెండు కత్తులే.

దీనికి తలకిందులు తప్పు అడ్వర్బ్‌తోనే ముడి వేయబోవడం. ‘ఈవెన్ ఇట్ రెయిన్డ్, వియ్ వెంట్’ అని రోజూ వినబడుతుంది. ‘ఈవెన్’ వట్టి అడ్వర్బ్, దానికి రెండు క్లాజుల్ని కలిపే శక్తి లేదు. పక్కన ‘దో’ గానీ ‘ఇఫ్’ గానీ ఉండాలి. ఏది ఉండాలన్నదే అసలు గమ్మత్తు. ‘వాన పడినా వెళ్ళాం’, ‘వాన పడినా వెళ్తాం’ అనే రెండింట్లోనూ తెలుగు ‘పడినా’ అనే ఒక్క రూపంతో గడిపేస్తుంది. జరిగిందా జరగబోతుందా అన్నది చివరి క్రియ చూసుకుంటుంది. ఇంగ్లిష్‌లో ఆ తేడా మొదట్లోనే తేల్చాలి. వాన నిజంగానే పడింది అన్నప్పుడు ‘ఈవెన్ దో ఇట్ రెయిన్డ్’. పడొచ్చు, పడకపోవచ్చు అన్నప్పుడు ‘ఈవెన్ ఇఫ్ ఇట్ రెయిన్స్’. ఈ రెండోదాంట్లో ‘విల్’ పెట్టకూడదు. రేపటి సంగతే అయినా ‘ఇఫ్’, ‘వెన్’, ‘బిఫోర్’, ‘ఆఫ్టర్’, ‘అంటిల్’ తర్వాత వచ్చే, షరతునో కాలాన్నో చెప్పే క్లాజుల్లో ప్రెజెంట్ టెన్సే వాడతారు. ‘వెన్ హీ విల్ కమ్, ఐ విల్ టెల్ హిమ్’ అనేదాంట్లో మొదటి ‘విల్’ అనవసరం.

‘హౌఎవర్’తో వచ్చే తప్పు చెవికి వినబడదు, కాగితం మీదే తెలుస్తుంది. ‘ఇట్ రెయిన్డ్, హౌఎవర్ ద మ్యాచ్ వెంట్ ఆన్’ అని ఒక్క కామాతో లాగించేస్తారు. అది కంజంక్షన్ కాదు కాబట్టి దాని ముందు ఫుల్‌స్టాపో సెమీకోలనో పడాలి, దాని తర్వాత కామా పడాలి. ‘బట్’ది దీనికి తలకిందులు: కామా దాని ముందు వస్తుంది, తర్వాత రాదు.

నుంచి, వరకు, కల్లా

తెలుగు ‘నుంచి’ రెండు పనులు చేస్తుంది. ‘2019 నుంచి ఇక్కడే పనిచేస్తున్నాను’, ‘ఐదేళ్ళ నుంచి ఇక్కడే పనిచేస్తున్నాను’. మొదటిదాంట్లో ఉన్నది మొదలైన గడియ, రెండోదాంట్లో ఉన్నది గడిచిన కొలత. ఇంగ్లిష్ ఈ రెండింటినీ కలపదు. గడియకు ‘సిన్స్’, కొలతకు ‘ఫర్’. ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’లో నిజానికి రెండు తప్పులున్నాయి. రెండోది క్రియలో ఉంది. ‘పనిచేస్తున్నాను’ అనే వర్తమానాన్ని ఉన్నదున్నట్టు తెచ్చారు, అప్పుడు మొదలై ఇప్పటిదాకా సాగిందని చెప్పడానికి ‘హావ్ బీన్ వర్కింగ్’ కావాలి. ‘సిన్స్’ను ‘ఫర్’గా దిద్ది క్రియను వదిలేస్తే సగమే దిద్దినట్టు.

పూరించాల్సిన ఖాళీ ఎదురైతే ఒక చిన్న పరీక్ష ఉంది. తర్వాత ఉన్నదాన్ని గడియారంలోనో క్యాలెండర్‌లోనో వేలు పెట్టి చూపించగలిగితే (సోమవారం, 1957, ఉదయం 6 గంటలు, పెళ్ళి) ‘సిన్స్’. లెక్కపెట్టాల్సి వస్తే (మూడు రోజులు, చాలాకాలం) ‘ఫర్’. ‘సిన్స్’ తర్వాత క్లాజ్ వస్తే అది ‘ఎప్పటినుంచి’ కావచ్చు, ‘ఎందుకంటే’ కూడా కావచ్చు. ముందు ‘ఎవర్’ తగిలించి ‘ఎవర్ సిన్స్ షీ లెఫ్ట్’ అంటే ఆ అనుమానం పోతుంది. అప్పుడు అది కాలాన్నే చెబుతుంది.

ఇక ‘వరకు’, ‘కల్లా’ల సంగతిలో తెలుగు చాలా స్పష్టం. అయినా ఇంగ్లిష్‌లోకి వెళ్ళేసరికి రెండూ ‘టిల్’ అయిపోతాయి. ‘శుక్రవారం వరకు షాపు తెరిచే ఉంటుంది’ అంటే సాగే పని, ‘అంటిల్ ఫ్రైడే’. ‘శుక్రవారం కల్లా ఫీజు కట్టాలి’ అంటే ఒకసారి జరిగి ముగిసే పని, ‘బై ఫ్రైడే’. ‘పే ద ఫీ అంటిల్ ఫ్రైడే’ అంటే శుక్రవారం దాకా రోజూ కడుతూ పోవాలన్నట్టు ధ్వనిస్తుంది. ఆ నోటీసు పెట్టిన కాలేజీకి ఇబ్బంది లేకపోవచ్చు, తల్లిదండ్రులకే ఇబ్బంది.

మరి ‘శుక్రవారానికి గానీ రిజల్ట్స్ రావు’ అన్నది ఇంగ్లిష్‌లో ఎలా? ఇక్కడ ఒకసారి జరిగే పనే అయినా ‘అంటిల్’ వస్తుంది, ఎందుకంటే పక్కన ‘నాట్’ ఉంది. ‘ద రిజల్ట్స్ విల్ నాట్ కమ్ అంటిల్ ఫ్రైడే’. రాకుండా ఉండడం అనేది సాగే స్థితి కదా. మన ‘గానీ’కి ఇంతకంటే దగ్గరి జత దొరకదు. కాకపోతే ఒక జాగ్రత్త. ‘ఆయన రానంతవరకు గేటు తీయకు’ అని తెలుగులో రెండు వ్యతిరేకాలు పెడతాం. ఇంగ్లిష్ ‘అంటిల్’లోనే ఆ లేకపోవడం ఇమిడి ఉంది. ‘అంటిల్ హీ డజ్ నాట్ కమ్’ అంటే అర్థం తిరగబడుతుంది. ‘డోంట్ ఓపెన్ ద గేట్ అంటిల్ హీ కమ్స్’ అంటే చాలు. ‘అన్‌లెస్’ కూడా అంతే, దానితో ఇంకో ‘నాట్’ పెడితే ఎక్కువైపోతుంది.

కొలత ఎక్కడ పెట్టాలి

‘బిఫోర్ టూ డేస్ హీ కేమ్’. ఈ తప్పు పుట్టుక తెలుసుకోదగ్గది. తెలుగు ప్రత్యయాలు నౌన్ తర్వాత వస్తాయి, ఇంగ్లిష్ ప్రిపోజిషన్లు ముందు వస్తాయి. ‘బల్ల మీద’ తిరగేస్తే ‘ఆన్ ద టేబుల్’. ఈ సూత్రం వంటబట్టిన పిల్లవాడు ‘రెండు రోజుల ముందు’ అన్నదాన్నీ తిరగేస్తాడు, ‘బిఫోర్ టూ డేస్’ వస్తుంది. సూత్రం సరైనదే, తిరగేసిన చోటే తప్పు. ‘పెళ్ళికి రెండు రోజుల ముందు’ అన్నదాంట్లో ‘ముందు’ అన్న మాటకు ఆధారం పెళ్ళి. రెండు రోజులు ఎంత ముందో చెప్పే కొలత మాత్రమే. అందువల్ల ‘బిఫోర్’కు అటువైపు వెళ్ళాల్సింది పెళ్ళి, కొలత దాని ముందే ఉండిపోవాలి: ‘టూ డేస్ బిఫోర్ ద వెడ్డింగ్’.

కొలత కూర్చునే ఆ చోటే అడ్వర్బ్‌లది కూడా. ‘జస్ట్ బిఫోర్’, ‘రైట్ ఆఫ్టర్’, ‘సూన్ ఆఫ్టర్’, ‘షార్ట్‌లీ బిఫోర్’, ‘లాంగ్ బిఫోర్’, ‘వెల్ బిఫోర్’, ‘టూ అవర్స్ ఆఫ్టర్’. తర్వాత నౌన్ వచ్చినా క్లాజ్ వచ్చినా ఈ వరస మారదు: ‘జస్ట్ బిఫోర్ ద ట్రైన్’, ‘జస్ట్ బిఫోర్ ద ట్రైన్ లెఫ్ట్’. అడ్వర్బ్ ప్రిపోజిషన్‌తోనూ కంజంక్షన్‌తోనూ ఒకేలా కలిసే చోటు ఇది. ‘చాలా ముందే’ అన్న అర్థానికి మన దగ్గర ‘మచ్ బిఫోర్’ బాగా చెలామణిలో ఉంది, కొందరు ‘వెరీ బిఫోర్’ కూడా అంటారు. బయటివాళ్ళ చెవికి సాఫీగా పోయేవి ‘లాంగ్ బిఫోర్’, ‘వెల్ బిఫోర్’.

ఆధారం ‘ఇప్పుడు’ అయితే ‘బిఫోర్’ వద్దు, ‘అగో’ కావాలి: ‘టూ డేస్ అగో’. ‘అగో’ ఎప్పుడూ కొలత తర్వాతే వస్తుంది, తెలుగు ‘క్రితం’ లాగే. ముందుకు లెక్కపెట్టేటప్పుడూ ఇదే తేడా. ఫోన్‌లో ‘ఐ విల్ కమ్ ఆఫ్టర్ టెన్ మినిట్స్’ అంటే అర్థం కాకపోదు గానీ, ఇప్పటినుంచి లెక్క కాబట్టి ‘ఇన్ టెన్ మినిట్స్’ అనాలి. అయిపోయిన కథలో అయితే ‘టెన్ మినిట్స్ లేటర్’.

దారి చెప్పేటప్పుడు

చోటు చెప్పడంలో తెలుగు ‘లో’ చాలా బరువు మోస్తుంది. బెంజి సర్కిల్‌లో, ఏలూరు రోడ్డులో, మొగల్రాజపురంలో: మూడింటికీ అదే. ఇంగ్లిష్‌లో కూడలి ఒక బిందువు గనక ‘ఎట్ బెంజ్ సర్కిల్’, రోడ్డు గీత గనక ‘ఆన్ ఏలూరు రోడ్’, పేట వైశాల్యం గనక ‘ఇన్ మొగల్రాజపురం’. నది ఒడ్డున ఉన్న ఊరికి ‘ఆన్’: ‘విజయవాడ ఈజ్ ఆన్ ద కృష్ణా’. బస్సు, రైలు అయితే ‘ఆన్’. కారు, ఆటో అయితే ‘ఇన్’. లేచి నిలబడి అటూ ఇటూ నడవగలిగిన వాహనం ‘ఆన్’ అని గుర్తు పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది.

‘బస్టాండ్‌కి ఎదురుగా’లోని ‘కి’ అనవసరంగా ఇంగ్లిష్‌లోకి దూరి ‘ఆపోజిట్ టు ద బస్ స్టాండ్’ అవుతుంది. ‘ఆపోజిట్ ద బస్ స్టాండ్’ చాలు. ‘నెక్స్ట్ టు’, ‘క్లోజ్ టు’లకు మాత్రం ‘టు’ తప్పదు. ‘ఇంటి వెనకవైపు’ను ‘బ్యాక్‌సైడ్ ఆఫ్ ద హౌస్’ అనకుండా ‘బిహైండ్ ద హౌస్’ అనడం మేలు, ఎందుకంటే ఆ ‘బ్యాక్‌సైడ్’కు ఇంగ్లిష్‌వాళ్ళు కూర్చునే భాగమని అర్థం చెప్పుకుంటారు. ‘మంగళగిరి ఈజ్ బిట్వీన్ విజయవాడ అండ్ గుంటూర్’ అనేవాళ్ళే టైము దగ్గరికొచ్చేసరికి ‘బిట్వీన్ 10 టు 12’ అనేస్తారు. ‘బిట్వీన్’కు జోడు ‘అండ్’, ‘ఫ్రమ్’కు జోడు ‘టు’. ఈ జంటల్ని విడదీసి కలపకూడదు.

కొన్ని మాటలకు దిక్కు వాటిలోనే ఉంది. ‘హోమ్’, ‘హియర్’, ‘దేర్’, ‘అబ్రాడ్’, ‘అప్‌స్టెయిర్స్’ అడ్వర్బ్‌లు, వాటి ముందు ‘టు’ పెట్టరు: ‘గో హోమ్’, ‘కమ్ హియర్’, ‘గో అబ్రాడ్’. రెండు ప్రిపోజిషన్లు ఒకదాని మీద ఒకటి రావడం మాత్రం మనకు కొత్త కాదు. ‘మంచం కింద నుంచి’ తిరగేస్తే ‘ఫ్రమ్ అండర్ ద కాట్’, ‘తలుపు వెనక నుంచి’ తిరగేస్తే ‘ఫ్రమ్ బిహైండ్ ద డోర్’. అద్దంలో చూసినట్టు సరిగ్గా ఎదురు వరస. తిరగేయడం నూటికి నూరుపాళ్ళు పనిచేసే చోటు ఇదే.

క్రియకు అంటుకున్నవి

‘లుక్ అప్’, ‘లుక్ ఆఫ్టర్’ చూడటానికి ఒకేలా ఉంటాయి. డిక్షనరీలో ఒక మాట వెతకడం ‘లుక్ అప్ ద వర్డ్’. ‘లుక్ ద వర్డ్ అప్’ అన్నా తప్పు లేదు. కానీ ‘ఇట్’ వచ్చిందంటే మధ్యలోనే పెట్టాలి: ‘లుక్ ఇట్ అప్’. ఇక్కడ ‘అప్’ అడ్వర్బ్ గనక కదులుతుంది. ‘లుక్ ఆఫ్టర్ ద చైల్డ్’లో ‘ఆఫ్టర్’ ప్రిపోజిషన్, తన నౌన్‌ను విడిచి వెళ్ళదు. ‘లుక్ హర్ ఆఫ్టర్’ కుదరదు, ‘లుక్ ఆఫ్టర్ హర్’ మాత్రమే. ఫారం నింపడం ‘ఫిల్ ఇట్ ఇన్’, స్టేషన్ దగ్గర ఎక్కించుకోవడం ‘పిక్ హిమ్ అప్’. రెండూ కలిసి వచ్చినప్పుడు అడ్వర్బ్ ముందు, ప్రిపోజిషన్ తర్వాత: ‘పుట్ అప్ విత్ ద నాయిస్’, ‘రన్ అవుట్ ఆఫ్ పెట్రోల్’, ‘క్యాచ్ అప్ విత్ ద అదర్స్’. ఈ వరసకు అలవాటు పడ్డ చెవి ‘కోప్’కు కూడా ఒక ‘అప్’ తగిలించి ‘కోప్ అప్ విత్’ అంటుంది. ‘కోప్’కు ‘విత్’ ఒక్కటే ఉంది.

అసలు చిన్నమాటే అక్కర్లేని క్రియలున్నాయి. ‘గురించి చర్చించాం’లోని ‘గురించి’ వల్ల ‘డిస్కస్ అబౌట్’, ‘ఊరికి చేరాం’లోని ‘కి’ వల్ల ‘రీచ్ టు’, ‘ఆమెతో పెళ్ళయింది’లోని ‘తో’ వల్ల ‘మ్యారీడ్ విత్’ వస్తాయి. మొదటి రెండింటికీ ఏమీ వద్దు. మూడోదానికి ‘మ్యారీడ్ టు’. ‘రిటర్న్ బ్యాక్’లో ‘బ్యాక్’ది కూడా వృథా ప్రయాసే.

‘టు’ది ప్రత్యేకమైన పేచీ. అది ప్రిపోజిషన్ అయితే తర్వాత క్రియకు ‘ఇంగ్’ రావాలి, లేకపోతే మామూలు క్రియ రావాలి. తేల్చుకోవడానికి క్రియ తీసేసి ఆ చోట నౌన్ పెట్టి చూడాలి. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు యువర్ లెటర్’ అతుకుతుంది, కాబట్టి ‘లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ’. ‘ఐ వాంట్ టు యువర్ లెటర్’ అతకదు, కాబట్టి ‘వాంట్ టు మీట్’. ‘యూజ్డ్ టు’లో మాత్రం రెండు రకాలూ ఉన్నాయి, ముందున్న ‘యామ్’ను బట్టి తేడా పట్టాలి. ‘ఐ యూజ్డ్ టు లివ్ ఇన్ గుంటూర్’ అంటే ఒకప్పుడు గుంటూరులో ఉండేవాణ్ణని. ‘ఐ యామ్ యూజ్డ్ టు లివింగ్ ఇన్ గుంటూర్’ అంటే గుంటూరులో ఉండటం, దాని ఎండతో సహా, అలవాటైపోయిందని.